ఆశునాటక పోటీని నిర్వహించడం ఎలా?

ముందే రాసుకోకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ ఆడే ఆశునాటకాన్ని పోటీగా జరపదలచినవారు ఆ పోటీ ఎందుకు పుట్టిందో ముందుగా తెలుసుకుంటే, నియమాలలో సగం వాటంతటవే బోధపడతాయి. ఇంగ్లండులో 1968 వరకు ప్రతి నాటకం రాతప్రతినీ ప్రదర్శనకు ముందే రాజప్రాసాద ఉన్నతాధికారి అయిన లార్డ్ చాంబర్లేన్ కార్యాలయానికి పంపి అనుమతి పొందవలసి ఉండేది కనుక, రాతప్రతే లేని ఆశునాటకానికి బహిరంగ వేదికపై చోటు లేకపోయింది. ఆ రోజుల్లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో పనిచేసిన కీత్ జాన్‌స్టన్, కుస్తీ ప్రదర్శనల్లో జనం కేకలు వేస్తూ ఊగిపోవడం చూసి, నాటకశాలకూ అటువంటి ప్రేక్షకులే రావాలని కోరుకున్నారు. ఆయన కెనడాలోని కాల్గరీలో స్థిరపడ్డాక ఆ కోరిక థియేటర్‌స్పోర్ట్స్ అనే ఆశునాటక పోటీగా రూపుదిద్దుకుంది. 1977లోనే మాంట్రియల్‌లో రొబేర్ గ్రావెల్, ఇవోన్ లెడ్యూక్ ఐస్ హాకీని అనుకరిస్తూ మరో పద్ధతిని ప్రారంభించారు.

కొత్తవారికి మాంట్రియల్ పద్ధతే సులువని నా అభిప్రాయం. జెర్సీలు తొడుక్కున్న రెండు జట్లు, చుట్టూ పొట్టి కంచె కట్టిన వేదిక, ఈలతో ఒక రిఫరీ, ప్రేక్షకులకు రెండు రంగుల ఓటు కార్డులు సిద్ధం చేసుకోవాలి. రిఫరీ ఒక చీటీ తీసి, సన్నివేశం పేరు, నటుల సంఖ్య, శైలి, వ్యవధి చదివి, రెండు జట్లూ కలిసి ఆడాలో ఒకదాని తర్వాత ఒకటి ఆడాలో చెబుతారు. ఆలోచనకు దొరికేది 20 సెకన్లే. అందులో కథంతా అల్లుకోబోతే మొదటి మాటకే తడబడతారు కనుక, ఎవరు ముందు వేదికెక్కాలో తేల్చుకుంటే చాలు.

అన్నిటికంటే శ్రద్ధ పెట్టవలసింది రిఫరీ పట్టుకునే తప్పుల జాబితా మీద. ఎదుటివారి ఊహను తోసిపుచ్చి తన కథనే రుద్దడం, అరిగిపోయిన హాస్యాన్ని వాడడం, నవ్వుల కోసం పాత్రను వదిలేయడం, ఇచ్చిన అంశం నుంచి పక్కకు పోవడం, ఇవన్నీ అక్కడ తప్పులే. చూడటానికి ఇది ఆటల నకలే అయినా, నిజానికి నటనాపాఠమంతా ఈ జాబితాలోనే ఉంది. రిఫరీ తీర్పు నచ్చని ప్రేక్షకులు రబ్బరు చెప్పులు విసరడమూ అక్కడి ఆచారమే (మెత్తనివి మీరే పంచిపెట్టడం క్షేమం).

థియేటర్‌స్పోర్ట్స్‌లో న్యాయనిర్ణేతలు 1 నుంచి 5 వరకు అంకెల కార్డులు ఎత్తి చూపుతారు. సన్నివేశం విసుగు పుట్టిస్తే హారన్ మోగించి ఆపేస్తారు. హారన్ మోగిన వెంటనే వాదించకుండా, మొహం ముడుచుకోకుండా, నవ్వుతూ వేదిక దిగడాన్ని నటులకు మొదటి సాధనలోనే నేర్పించాలి.