క్వారీ నేలలో గడ్డి వేస్తున్నారా? వానలకు ముందే ఈ జాగ్రత్తలు

రోహిణి కార్తెలో మండే ఎండకు గడప దాటబుద్ధి కాదు. పాత క్వారీని గడ్డి బీడుగా మార్చాలనుకునేవాళ్లకు మాత్రం మట్టి పనికి అవే రోజులు. మృగశిర దాకా ఆగితే జేసీబీ బురదలో దిగబడుతుంది, పరిచిన మట్టి మొదటి గట్టి వానకే గుంతలోకి కొట్టుకుపోతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల రాయి తీసి వదిలేసిన క్వారీలకు, మొరం గుంతలకు కొదవ లేదు. ఏదైనా పంచాయతీయో, లీజుదారో, కాలనీవాళ్లో ఈ ఏడాది ఆ పనికి దిగుతుంటే ముందు కాగితాలు చూసుకోండి. గని మూసేశాక అక్కడ మేతకు పనికొచ్చేలా మళ్లీ గడ్డి పెంచాలన్న షరతు మైనింగ్ లీజుల్లో పెట్టమని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. లీజు ఇంకా నడుస్తుంటే ఖర్చు ఎవరిదో ఇప్పుడే తేల్చుకోవడం మంచిది.

కూలీలను దింపే ముందు మీరొకసారి నేలంతా తిరిగి చూడండి. పేలని జిలెటిన్ స్టిక్కులు, డిటోనేటర్లు, రంగు వైర్ల ముక్కలు రాళ్ల సందుల్లో ఉండిపోయే అవకాశం ఉంది. కనిపిస్తే ముట్టుకోవద్దు, కాలితో కదపొద్దు. మనుషుల్ని దూరం పంపి పోలీసులకు ఫోన్ చేయండి. పేలుళ్లకు బీటలు వారిన రాతి గోడ వాన నీరు దిగితే ఎప్పుడు జారుతుందో చెప్పలేం, కాబట్టి దాని కింద ఎవరినీ పనికి పెట్టొద్దు. నీళ్లు నిలిచిన గుంత ఉంటే పని మొదలయ్యేలోపే కంచె వేయించండి. ఒడ్డు నుంచి చూస్తే చెరువులాగే ఉంటుంది, దిగితే రెండో అడుగుకే లోతు. ఈతకని దిగి ఎంతమంది పిల్లలు పోయారో మనకు తెలియనిది కాదు.

గుంత ఉచితంగా నింపిపెడతామని లారీలవాళ్లు వస్తారు. ఒప్పుకోకండి. ఇళ్లు కూల్చిన శిథిలాలతో పాటు ప్లాస్టిక్, పెయింట్ డబ్బాలు, ఆస్బెస్టాస్ రేకుల ముక్కలూ దిగుతాయి. అలాంటి చెత్త కోసమే నగరంలో జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లు ఉన్నాయి.

ఇక నేల సంగతి. గడ్డి మొలవకపోతే అందరూ విత్తనాన్ని తిడతారు కానీ తప్పు చాలాసార్లు నేలదే. ఏళ్ల తరబడి టిప్పర్లు తిరిగిన నేల సిమెంటులా బిగుసుకుపోయి ఉంటుంది. దాని మీద క్రషర్ డస్ట్ పేరుకుంటే తడిసి ఆరగానే పైన పలక కడుతుంది. ఒక లీటరు సీసాతో నీళ్లు పోసి చూడండి. అక్కడికక్కడే ఇంకితే పర్వాలేదు. వాలు పట్టుకుని పాకిపోతే విత్తనం కూడా ఆ దారినే పోతుందని అర్థం. అలాంటి చోట డస్ట్ గీకేసి, నేల పొడిగా ఉన్నప్పుడే ట్రాక్టర్ రిప్పర్‌తో వాలుకు అడ్డంగా చీల్చాలి. వాలు వెంబడి చీల్చారో, ప్రతి చాలూ ఒక కాలువ అవుతుంది. ఆ తర్వాతే పైమట్టి, కనీసం జానెడు మందం. మొదట్లో తీసి పక్కన పోసిన ఎర్ర చలక మట్టి ఉంటే అంతకంటే అదృష్టం లేదు, కానీ అది ఏళ్లుగా ఎత్తైన కుప్పలో ఉంటే జీవం తగ్గి ఉంటుంది, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పేడ వద్దు, దాంతో కలుపు విత్తనాలూ వస్తాయి. కొన్న మట్టయితే ఎక్కడిదో కనుక్కోండి, వయ్యారిభామ ఉన్న చోటు మట్టి తెస్తే మీ బీడంతా అదే. ఉత్త రాతి పలక బయటపడిన చోట డబ్బు పోయకండి, వదిలేయండి.

క్వారీ వ్యర్థాలు పోసిన నిటారు కుప్పల (డంపుల) మీద ఏ గడ్డీ నిలవదు. మూడడుగులు ముందుకు నడిస్తే ఒక అడుగు దిగేంత వాలు చేయించండి, లేదా మెట్లు కట్టించండి. పై నుంచి వచ్చే నీటిని గట్టు వేసి పక్కకు మళ్లించాలి, నీరు దిగే చోట రాళ్లు పేర్చి వట్టివేరు నాటాలి.

విత్తనానికి తొందర వద్దు. మృగశిర రోజు నాంపల్లిలో చేప ప్రసాదం క్యూ చూసి వానలు వచ్చేశాయనుకుంటాం, తర్వాత రెండు వారాలు మబ్బే కనిపించదు! నేల లోపలిదాకా తడిశాకే చల్లండి, అదీ విత్తనంలో కొంత మళ్లీ చల్లడానికి దాచుకుని. గడ్డితో కలిపి వేసే స్టైలో అనే మేత మొక్క గింజ పొట్టు గట్టిది. 80 డిగ్రీల వేడి నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, తీసి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాలి. అది పప్పుజాతి మొక్క కాబట్టి నేలకు నత్రజని ఇస్తుంది, అలాగని అంతా అదే వేస్తే బీడు కాదు, ఒంటి పంట అవుతుంది. అంజన్ గడ్డి విత్తనం నూగుతో తేలికగా ఉండి గాలికి ఎగిరిపోతుంది, తడి ఇసుకలో కలిపి చల్లండి. ఆ ఏడాది కోసిన గింజ సరిగా మొలవదు, నిరుటిది అడగండి. లోతుగా పూడ్చకుండా పైన కంప ఈడిస్తే చాలు, కానీ కాయలున్న సర్కారు తుమ్మ కంప మాత్రం వద్దు, తర్వాత దాన్ని పీకడం మీ వల్ల కాదు. రకాలు, మోతాదుల మీద అనుమానముంటే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అడగండి.

మొక్కలు నాటి ఫొటో దిగుదామనే ఒత్తిడి తప్పకుండా వస్తుంది. మొదటి ఏడాది గడ్డినే పట్టనివ్వండి. గుంత తవ్విన ప్రతిసారీ కుదురుకుంటున్న మట్టి మళ్లీ కదులుతుంది.

గొర్రెల కాపరులతో మాత్రం విత్తనం కొనకముందే మాట్లాడండి. రాత్రికి రాత్రి కంచె వేస్తే ఊరితో గొడవే. మొదటి ఏడాది మందలు దిగకూడదు, గింజ రాలాక గడ్డి కోసుకుపోవచ్చు అని ఒప్పందం చేసుకుంటే వాళ్లే కాపలా ఉంటారు. సంక్రాంతి తర్వాత గడ్డి ఎండుతుంది, ఒక్క బీడీ ముక్క చాలు అంటుకోవడానికి. అందుకని చుట్టూ నాలుగైదు మీటర్ల వెడల్పున ముందే గడ్డి కోయించి నేల శుభ్రంగా ఉంచండి.