బత్తాయి ఆకును చదవడం – 5: పసుపు కనబడగానే రాగి కొట్టకండి

పోయిన పాఠంలో ‘కిరణజన్య సంయోగక్రియకు రాగి కావాలి’ అన్న ఒక్క ముక్క పట్టుకొని, లేత ఆకు పసుపుగా మారిందని కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి ఉన్న తెగులు మందు) కొట్టామని హాలియా, నకిరేకల్ వైపు నుంచి చాలామంది చెప్పారు. కొందరు రెండోసారి కూడా కొట్టేశారట. అందుకే ఈసారి మళ్లీ రాగి గురించే, జింకు పాఠం వచ్చేసారికి.

పత్రహరితం ఎండను పట్టుకోవడం వరకు మీకు తెలిసిందే. రాగి పని ఆ తర్వాత. ఆకులో కాంతిని పట్టే రెండు కేంద్రాల మధ్య ఎలక్ట్రాన్లు నడవాలి. ఆ దారిలో చివరి మోత ప్లాస్టోసయనిన్ అనే చిన్న ప్రొటీన్‌ది. దాని లోపల ఒకే ఒక్క రాగి పరమాణువు ఉంటుంది. ఎలక్ట్రాన్‌ను అందుకునేదీ, అవతల ఇచ్చేదీ అదే. రాగి చాలకపోతే మోత తగ్గి, ఆకులో చక్కెర తయారీ మందగిస్తుంది. అయితే కావాల్సింది చిటికెడు కూడా కాదు: ఎండిన ఆకు కిలోకు 5 నుంచి 15 మిల్లీగ్రాములు ఉంటే చాలు.

ఇక అసలు తిరకాసు. బత్తాయిలో రాగి లోపం పసుపుతో మొదలవదు. కొత్త కొమ్మ మెత్తగా, పొడుగ్గా సాగుతుంది, ఆకు మామూలు కంటే పెద్దగా, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. చూసినవాళ్లు చెట్టు బాగుందనుకుంటారు. తర్వాత బెరడు కింద జిగురు బుడిపెలు లేస్తాయి, కొమ్మ చివర నుంచి ఎండుతుంది. లేత ఆకు పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది ఇనుము లోపం లక్షణం. రాగి ఎక్కువైనా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది, ఎందుకంటే ఎక్కువ రాగి వేరును దెబ్బతీసి ఇనుమును అందనివ్వదు. పైగా పత్రహరితంలో మెగ్నీషియం చోట రాగి చేరితే ఆ అణువు కాంతిని పనిలో పెట్టలేదు. అంటే రాగి ఎక్కువై పసుపెక్కిన ఆకుకు మళ్లీ రాగే కొడుతున్నారన్నమాట. ఈనె చూడండి సార్, ఈనె!

గజ్జి తెగులుకు రాగి కొట్టడం వేరే లెక్క, అది మందు. నాకైతే బోర్డో మిశ్రమమే ఇష్టం: మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కిలో, సున్నం కిలో, నీళ్లు 100 లీటర్లు. ఇనుప కత్తి ముంచితే ఎర్రగా పూత పడిందా, ఇంకొంచెం సున్నం కలపాలి.

అభ్యాసం: పదేళ్ల మందుల బిల్లులు తీయండి. లేకుంటే షాపు ఖాతా అడగండి. ఆక్సీక్లోరైడ్‌లో సగం రాగే. లీటరుకు 3 గ్రాముల చొప్పున ఎకరాకు 300 లీటర్లు కొడితే 450 గ్రాముల రాగి పడినట్టు. అది చాలావరకు పై మట్టిలోనే ఉండిపోతుంది. మొత్తం కట్టి, భూసార పరీక్ష కాగితంతో పాటు దగ్గర పెట్టుకోండి. జింకు పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.