వేసవికి ముందు ఏసీ సర్వీసింగ్: ప్లగ్గు నుంచి బిల్లు దాకా

ఎండలు ముదిరాక ఏసీ మెకానిక్ దొరకడమే గగనం. దొరికినా, అప్పటికే నాలుగైదు ఇళ్లు చుట్టివచ్చిన మనిషి ఫిల్టర్ దులిపి, కాయిల్ మీద నీళ్లు కొట్టి, "గ్యాస్ కొంచెం తగ్గింది" అని తేల్చేసి మరో ఇంటికి పరుగెడతాడు. ఉక్కపోతలో కూర్చుని బేరమాడే ఓపిక మనకూ ఉండదు. సర్వీసింగ్‌ను వేసవికి నెల, నెలన్నర ముందే పెట్టుకుంటే లీకు ఉన్నా వెతకడానికి వ్యవధి ఉంటుంది, విడిభాగం కావలసివస్తే తెప్పించుకోవచ్చు. అలాగని మరీ చలి రోజుల్లో వద్దు. బయట చల్లగా ఉన్నప్పుడు గేజీలో గ్యాస్ పీడనం సహజంగానే తక్కువ చూపిస్తుంది. అది చూసి లేని కొరతను భర్తీ చేసేస్తారు. కాస్త వెచ్చగా ఉన్న మధ్యాహ్నం ఎంచుకోండి.

ఆన్ చేసే ముందు

నెలల తరబడి ఆపి ఉంచిన ఏసీని రిమోట్ నొక్కి పరీక్షించబోయే ముందు ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే రక్షణ స్విచ్) ఆపి చుట్టూ ఒకసారి చూడండి. అవుట్‌డోర్ యూనిట్‌లో పిట్టలు గూడు కట్టి ఉండవచ్చు, ఎలుకలు వైరు కొరికి ఉండవచ్చు, ఎండుటాకులు పేరుకుని ఉండవచ్చు. గోడకు వేలాడే యూనిట్ అయితే దాన్ని మోస్తున్న ఇనుప బ్రాకెట్ తుప్పు పట్టిందేమో గమనించాలి. దాని కింద మనుషులు తిరిగే దారి ఉంటే ఈ పని వాయిదా వేయకూడదు.

తర్వాత ప్లగ్గు. ఒకటిన్నర టన్నుల ఏసీ 230 వోల్టుల కరెంటు మీద సుమారు 7, 8 ఆంపియర్లు గంటల కొద్దీ లాగుతుంది. ప్లగ్గు పిన్ను సాకెట్‌లో కాస్త వదులైనా అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడికి సాకెట్ ఇంకా వదులవుతుంది. గోధుమరంగు మచ్చ, కరిగిన ప్లాస్టిక్, కాలిన వాసన, వీటిలో ఏది కనిపించినా ఏసీ వేయకుండా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఏసీ నడపడం అసలే వద్దు. ఎంసీబీ పదేపదే పడిపోతుంటే దాని స్థానంలో పెద్దది పెట్టించే తెలివి ఒకటి చాలామంది చూపిస్తారు. ఎంసీబీ ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి. వైరు పాతదే ఉంచి ఎంసీబీని మాత్రం పెంచితే ఈసారి కాలేది వైరే.

అన్నీ బాగుంటే కనిష్ఠ ఉష్ణోగ్రత పెట్టి 20 నిమిషాలు నడపండి. ఇండోర్ యూనిట్ లోపలికి పీల్చే గాలికి, బయటికి వదిలే గాలికి మధ్య తేడా మామూలు థర్మామీటరుతోనే తెలుస్తుంది. 8 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ ఉంటే యంత్రం దాదాపు సరిగానే ఉన్నట్టు. తక్కువగా ఉంటే మొదట మురికిని అనుమానించండి, ఆ తర్వాతే గ్యాస్‌ను. కాయిల్ మీద మంచు గడ్డకట్టినా ఇదే వరుస: ఫిల్టర్ మూసుకుపోయి గాలి ఆడకపోయినా మంచు కడుతుంది, గ్యాస్ తగ్గినా కడుతుంది. ఆ మంచును కత్తితో, స్క్రూడ్రైవర్‌తో గీకారంటే రాగి గొట్టానికి చిల్లు పడుతుంది. ఏసీ ఆపి కరగనివ్వండి.

మీ చేతి పని ఎక్కడి వరకు

ఫిల్టర్ మీది. ఏసీ రోజూ నడిచే కాలంలో రెండు మూడు వారాలకొకసారి మామూలు నీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి. వేడినీళ్లు పోస్తే జాలీ వంకర్లు పోతుంది. డ్రైన్ పైపు చివర మూసుకుపోయిందేమో చూడటం, అవుట్‌డోర్ యూనిట్ చుట్టూ సామాను తొలగించడం కూడా మీ పనులే. ఇంతటితో ఆగాలి.

మూత విప్పితే లోపల కెపాసిటర్ ఉంటుంది. కరెంటు తీసేసినా అందులో విద్యుత్తు కొంతసేపు నిలిచే ఉంటుంది, ముట్టుకుంటే కొడుతుంది. ఇన్వర్టర్ ఏసీల (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేవి) పీసీబీలో, అంటే యంత్రాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డులో అయితే స్విచ్ ఆపిన తర్వాత కూడా నిమిషాల పాటు 300 వోల్టులకు పైగా ఉండే భాగాలుంటాయి. వీడియోలు చూసి ఇంట్లో జెట్ పంపుతో కడిగేవారికి ఇంకో మాట: నీళ్లు పీసీబీకి తగిలితే సర్వీసింగ్‌లో మిగిల్చింది బోర్డు మార్పిడికి పోతుంది. బాల్కనీ అవతలికి వంగి చేసే పనులైతే మెకానిక్ కూడా సేఫ్టీ బెల్టు లేకుండా చేయకూడదు. "పర్వాలేదండీ, అలవాటే" అని ఆయన అన్నా మీరు ఒప్పుకోకండి.

బిల్లులో ఏముంటుంది

ఖర్చు గురించి అడిగినప్పుడు మెకానిక్ చెప్పే ఒక్క అంకె వెనక నాలుగైదు వేర్వేరు పద్దులు ఉంటాయి. ఇంటికి వచ్చినందుకు విజిటింగ్ చార్జి. అది సర్వీసింగ్‌లో కలిసిపోతుందో, విడిగా కట్టాలో ఫోన్‌లోనే అడగండి. దుమ్ము దులిపేది డ్రై సర్వీస్, కాయిల్, బ్లోయర్, నీటి ట్రే కడిగేది వెట్ సర్వీస్. రెండోదానికి డబ్బులు తీసుకుని మొదటిది చేసి వెళ్లడం కొత్తేమీ కాదు. వెట్ సర్వీస్ అంటే ఇండోర్‌తో పాటు అవుట్‌డోర్ కాయిల్ కూడా కడగాలి, ఆఖరున ట్రేలో నీళ్లు పోసి పైపు గుండా సాఫీగా పోతున్నాయని చూపించాలి. యాసిడ్ కలిపిన ద్రావణం వాడనివ్వకండి. కాయిల్ తళతళలాడుతుంది గాని పలుచని అల్యూమినియం రేకులు తినేస్తుంది. అవుట్‌డోర్ యూనిట్ ఎత్తులో ఉంటే నిచ్చెనకో, మనిషికో అదనంగా అడుగుతారు. అది న్యాయమే.

అసలు డబ్బు పోయేది గ్యాస్ దగ్గర. ఏటా గ్యాస్ నింపించుకోవాలనే నమ్మకం ఎలా పాతుకుపోయిందో గాని, ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే వస్తువు కాదు. మూసివున్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఆ చోటు కనిపెట్టకుండా పైపైన టాప్-అప్ చేస్తే ఇవాళ చల్లబడుతుంది, కొన్నాళ్లకు మళ్లీ మెకానిక్ రావాలి.

సరైన పద్ధతి ఇది: నైట్రోజన్‌తో పీడనం ఎక్కించి, అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి లీకు పట్టుకోవాలి. దాన్ని మూసి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను లాగేయాలి. ఆ తర్వాత యంత్రం మీది ప్లేటులో రాసిన బరువు ప్రకారం త్రాసు మీద తూచి గ్యాస్ నింపాలి. దీనికి టాప్-అప్ కంటే ఎక్కువ సమయం, ఎక్కువ డబ్బు పడుతుంది. అయినా ఇదే చవక. త్రాసు, వాక్యూమ్ పంపు తేకుండా "ఫుల్ గ్యాస్" అని చెప్పేవారికి పని అప్పగించకండి. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ సిలిండర్ తెస్తే అక్కడికక్కడే ఆపండి. కంప్రెసర్ నూనెతో కలిసిన ఆక్సిజన్ పేలుతుంది.

గ్యాస్ రకం కూడా ఆ ప్లేటు మీదే ఉంటుంది. ఆర్-32 కొద్దిగా మండే స్వభావం ఉన్నది, ఆర్-290 అంటే ప్రొపేన్, బాగా మండుతుంది. వీటితో పని జరిగేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. పాత ఆర్-22 యంత్రంలో ఈ గ్యాసులు నింపుతామంటే ఒప్పుకోకండి, అది వాటి కోసం తయారైన యంత్రం కాదు. ఓజోన్ పొరకు హాని చేసే ఆర్-22ను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా వదిలించుకుంటోంది. అటువంటి పాత ఏసీలో పెద్ద లీకు వస్తే మరమ్మతు మీద డబ్బు పోయడం కంటే కొత్తది కొనడమే నయం.

విడిభాగాల్లో చవకైనది కెపాసిటర్, ఖరీదైనవి పీసీబీ, కంప్రెసర్. కెపాసిటర్ పోయిందంటే మీటరు పెట్టి చూపించమనండి. దాని సామర్థ్యం మైక్రోఫారడ్లలో దాని మీదే అచ్చువేసి ఉంటుంది, కొలత అంతకంటే బాగా తక్కువ వస్తే మార్చాల్సిందే. ఇన్వర్టర్ ఏసీలో "కంప్రెసర్ కెపాసిటర్ మార్చాను" అని బిల్లు వేస్తే మాత్రం నిలదీయండి. ఆ కంప్రెసర్లను పీసీబీయే నడుపుతుంది, మామూలు ఏసీలో ఉండే రన్ కెపాసిటర్ వాటికి ఉండదు. ఏది మార్చినా పాత భాగం మీ చేతికి ఇవ్వాలి.

వార్షిక నిర్వహణ ఒప్పందం తీసుకునేవారు సంతకానికి ముందు మూడు సంగతులు రాతలో చూసుకోవాలి: గ్యాస్ కలిసి ఉందా, పీసీబీ, కంప్రెసర్ కలిసి ఉన్నాయా, ఏడాదికి వెట్ సర్వీసులు ఎన్ని. ఇవేవీ లేని ఒప్పందం అంటే రెండుసార్లు కడగడానికి ముందే డబ్బు కట్టేయడం. అటువంటప్పుడు విడిగా చేయించుకున్న సర్వీసుల ఖర్చుతో పోల్చి చూసి, తేడా లేకపోతే వదిలేయండి.