అప్‌డేట్ తరువాత ఫోన్ లోగో దగ్గర ఆగిపోతే: వైప్ డేటా మీద వేలు పెట్టకండి

శ్రావణమాసం మొదలై రెండు వారాలు కూడా కాలేదు. పొద్దున నేను నా ఫోన్ రిపేరు కొట్టు షట్టర్ ఎత్తే సమయానికి మా వీధిలో జాకెట్లు కుట్టే అక్క కొట్టు మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో ఫోన్ వెలుగుతోంది, శుభ్రంగా పనిచేస్తోంది. ఏ భాష కావాలో ఎంచుకోమని అడుగుతోంది. ఆ తెర చూడగానే ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది.

రాత్రి అప్‌డేట్ వచ్చిందని నోటిఫికేషన్ చూసి, ఇన్‌స్టాల్ నొక్కి పడుకుందట. తెల్లారి చూస్తే ఫోన్ కంపెనీ లోగో దగ్గరే ఆగి ఉంది. పక్కింటి కుర్రాడు ఏదో వీడియో చూసి, బటన్లు నొక్కిపట్టి, నల్ల తెర మీద వచ్చిన మెనూలో వైప్ డేటా కొట్టాడు. కాసేపటికి ఫోన్ ఆన్ అయింది. మూడేళ్లుగా ఫోటోలు తీసి దాచుకున్న కొలతలు, ఎవరికి ఏ మెడ కుట్టాలో వాళ్లు పంపిన డిజైన్లు, ఎవరు ఎంత ఇవ్వాలో తనకు తానే వాట్సాప్‌లో రాసుకున్న లెక్కలు, అన్నీ పోయాయి. ఇంట్లో నలభై పెళ్లి జాకెట్లు కుట్టకుండా ఉన్నాయి. "తమ్ముడూ, ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి తెస్తారంట కదా" అంది. రావు అక్కా అని చెప్పడానికి నాకు చాలాసేపు నోరు పెగల్లేదు.

అబిడ్స్ జగదీష్ మార్కెట్లో పని నేర్చుకుని, ఇప్పుడు ఖమ్మంలో సొంతంగా రిపేరు బల్ల పెట్టుకున్నాను. అప్‌డేట్ వల్ల ఆగిన ఫోన్లు చాలా చూశాను. అప్‌డేట్ వల్ల నష్టపోయినవాళ్లకంటే, ఆ తరువాతి గంటలో తొందరపడి నష్టపోయినవాళ్లే ఎక్కువ. ఐఫోన్‌కి ఏటా సెప్టెంబరులో కొత్త ఐఓఎస్ వస్తుంది. ఆండ్రాయిడ్ కంపెనీలు కూడా దసరా నుంచి సంక్రాంతి దాకా పెద్ద అప్‌డేట్లు వరసగా వదులుతుంటాయి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఒక్క మాట గుర్తుంచుకోండి

లోగో దగ్గర ఆగిన ఫోన్‌లో మీ ఫోటోలు చాలావరకు అలాగే ఉంటాయి. ఆగింది సిస్టమ్. మీ డేటా ఉండే భాగం వేరు. వైప్ డేటా, ఫ్యాక్టరీ రీసెట్, ఎరేజ్ ఆల్ డేటా, పేరు ఏదైనా అది చేసేది ఆ భాగాన్ని చెరిపేయడమే.

పాత రోజుల్లో చెరిపినా కొంత తిరిగి వచ్చేది. మెమరీ కార్డు నుంచి నేనే ఎన్నోసార్లు తీసిచ్చాను. ఇప్పుడు ఫోన్ లోపలి స్టోరేజీ నుంచి రాదు. ఆండ్రాయిడ్ 10తో గానీ ఆ తరువాతి వెర్షన్‌తో గానీ మార్కెట్లోకి వచ్చిన ఫోన్లలో స్టోరేజీ అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసిన రహస్య లిపిలో ఉంటుంది. దాని తాళంచెవి ఆ ఫోన్ చిప్‌కే ముడిపడి ఉంటుంది. రీసెట్ కొట్టగానే ఆ తాళంచెవి నాశనమవుతుంది. మెమరీ చిప్ పీకి వేరే యంత్రంలో పెట్టినా కనిపించేది అర్థం లేని అంకెల గుట్టే. రెండు వేలు ఇస్తే రికవరీ చేస్తానని ఎవరైనా చెబితే ఆ డబ్బు కూడా పోతుంది.

ఇంకో సంగతి. సిస్టమ్ పదే పదే మొదలు కాలేకపోతే కొన్ని ఫోన్లు వాటంతట అవే ఒక తెర చూపిస్తాయి. కాంట్ లోడ్ ఆండ్రాయిడ్ సిస్టమ్, యువర్ డేటా మే బీ కరప్ట్ అని ఉంటుంది. కింద రెండే దారులు: ట్రై అగైన్, ఫ్యాక్టరీ డేటా రీసెట్. ఫోనే చెబుతోంది కదా అని చాలామంది రెండోది నొక్కేస్తారు. ట్రై అగైన్ నొక్కండి. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. గూగుల్ పిక్సెల్ లాంటి ఫోన్లలో సిస్టమ్‌కి రెండు కాపీలు ఉంటాయి, కొత్తది లేవకపోతే ఫోన్ పాతదానికి వెళ్లిపోతుంది. అలా వెళ్లడానికి కొన్నిసార్లు రీస్టార్ట్ అవ్వాలి, అంతే. చార్జర్ పెట్టి వదిలేస్తే దానంతట అదే లేచిన ఫోన్లు నా బల్ల మీదే ఉన్నాయి. శాంసంగ్‌లో మాత్రం ఈ పద్ధతి 2024లో ఏ55తో మొదలైంది, పాత మోడళ్లలో లేదు.

ఓపిక పడితే దొరికేదేంటో 2023లో చూశాం. అక్టోబరులో ఆండ్రాయిడ్ 14 వచ్చాక, ఒకే ఫోన్‌లో ఒకటికంటే ఎక్కువ యూజర్ ప్రొఫైళ్లు పెట్టుకున్న కొందరి పిక్సెల్ ఫోన్లలో స్టోరేజీ తెరుచుకోలేదు. కొన్ని ఆగకుండా రీస్టార్ట్ అయ్యాయి. తరువాతి నెల గూగుల్ సవరణ ఇచ్చింది. స్టోరేజీ మూసుకుపోయినా రీసెట్ కొట్టకుండా ఆగినవాళ్లకు దారి దొరికింది. కొట్టినవాళ్లకు దొరకలేదు. 2024 అక్టోబరులో శాంసంగ్ ఎస్10, నోట్ 10 లాంటి పాత ఫోన్లు లోగో దగ్గర గిరగిరా తిరిగాయి. దానికి కారణం ఫోన్ అప్‌డేట్ కూడా కాదు, వెనకాల తనంతట తానే మారిన స్మార్ట్‌థింగ్స్ ఫ్రేమ్‌వర్క్ అనే యాప్. బ్యాకప్ లేనివాళ్లు అప్పుడు చాలా ఏడ్చారు.

అప్‌డేట్ నొక్కే ముందు

చార్జింగ్ ఉండాలి, వైఫై ఉండాలి అని అందరూ చెప్పేదే, నేను మళ్లీ చెప్పను. స్టోరేజీ గురించి చెబుతాను, దాన్ని ఎవరూ పట్టించుకోరు. 128 జీబీ ఫోన్‌లో 126 నిండి ఉండగా అప్‌డేట్ వేస్తే, కొత్త సిస్టమ్ మొదటిసారి లేచేటప్పుడు రాసుకోవాల్సినవి రాసుకోవడానికి చోటు ఉండదు. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా అంతే, ఆపిల్ లోగో దగ్గర ఆగిన ఐఫోన్లలో ఇలా నిండిపోయినవి నేను చాలా చూశాను. కనీసం పది జీబీ ఖాళీ చేశాకే ముట్టుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేసినా అంత చోటు వస్తుంది.

బ్యాకప్ ఉందని అనుకోవడం వేరు, ఉండటం వేరు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అందులోనే జీమెయిల్, ఫోటోలు, డ్రైవ్. 2024 నుంచి ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ లెక్కలోకే చేరింది. అది నిండిన రోజు నుంచి బ్యాకప్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, చాట్ బ్యాకప్ తెరిచి, చివరిసారి ఏ తేదీన అయిందో మీ కళ్లతో చూడండి. ఆ అక్క ఫోన్‌లో చివరి బ్యాకప్ పద్నాలుగు నెలల కిందటిది.

జీమెయిల్ పాస్‌వర్డ్ మీకు తెలుసా? మన దగ్గర సగం ఫోన్లలో జీమెయిల్ పెట్టింది ఫోన్ అమ్మిన కొట్టువాళ్లే. ఎప్పుడైనా రీసెట్ అయితే ఫోన్ ఆ పాస్‌వర్డే అడుగుతుంది, చెప్పలేకపోతే బిల్లు పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తాల్సిందే. ఈరోజే కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మీ అమ్మానాన్నల ఫోన్లది కూడా.

పెళ్లికి, ప్రయాణానికి, పరీక్షకి, కౌన్సెలింగ్‌కి ముందు రోజు అప్‌డేట్ వద్దు. అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్‌లోనే చెప్పి ఇక్కడ పెద్దవాళ్లతో అప్‌డేట్ చేయించవద్దు. పక్కన మనిషి ఉన్నప్పుడే చేయించండి.

ఆగిపోయాక

ముందు గడియారం చూడండి. పెద్ద అప్‌డేట్ తరువాత మొదటిసారి లేవడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పట్టొచ్చు, నిండిన పాత ఫోన్లకి ఇంకా ఎక్కువ. లోగో కదులుతూ ఉందంటే లోపల పని జరుగుతోంది. చార్జర్ పెట్టి, పౌచ్ తీసి, గాలి తగిలే చోట గంట సేపు వదిలేయండి. ఆ గంటలో బటన్లు నొక్కవద్దు.

తెర పూర్తిగా నల్లగా ఉంటే ఇంకో ఫోన్ నుంచి మామూలు కాల్ చేయండి. వాట్సాప్ కాల్ కాదు. రీస్టార్ట్ అయ్యాక పిన్ కొట్టేదాకా వాట్సాప్ మోగదు, మామూలు కాల్ మోగుతుంది. మోగిందంటే ఫోన్ లేచింది, పోయింది డిస్‌ప్లే. దానికి రీసెట్‌తో పనే లేదు.

గంట దాటినా కదలకపోతే ఫోర్స్ రీస్టార్ట్. ఇది డేటా చెరపదు. శాంసంగ్‌లో వాల్యూమ్ డౌన్, పక్క బటన్ కలిపి ఏడు సెకన్లకు పైగా పట్టుకోవాలి. పిక్సెల్‌లో పవర్ బటన్ ముప్పై సెకన్లు. ఐఫోన్ 8, ఆ తరువాతివాటిలో వాల్యూమ్ అప్ నొక్కి వదలండి, వాల్యూమ్ డౌన్ నొక్కి వదలండి, ఆ తరువాత పక్క బటన్ ఆపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోండి.

అప్పటికీ లేవకపోతే, చాలా శాంసంగ్ ఫోన్ల రికవరీ మెనూలో, అంటే బటన్లు నొక్కిపడితే వచ్చే ఆ నల్ల తెర మీద, వైప్ క్యాష్ పార్టిషన్ అని ఒకటి ఉంటుంది (సిస్టమ్ తాత్కాలిక ఫైళ్లను తీసేది), కొన్నిటిలో రిపేర్ యాప్స్ కూడా ఉంటుంది. ఈ రెండూ మీ ఫోటోలను ముట్టవు. కానీ వైప్ క్యాష్ పక్కనే వైప్ డేటా ఉంటుంది. రెండూ వైప్‌తోనే మొదలవుతాయి. ఆ కుర్రాడు చూసిన వీడియోలో చెప్పింది వైప్ క్యాషే అయి ఉండొచ్చు. వాల్యూమ్ బటన్ ఒక్కసారి తక్కువ నొక్కితే చాలు, ఒక వరస పైది ఎంపికవుతుంది. చెయ్యి వణుకుతుంటే, ఇంగ్లీషు నెమ్మదిగా చదవలేకపోతే ఆ మెనూలోకి వెళ్లకండి. ఎంఐ, రెడ్‌మీ రికవరీలో రీబూట్, వైప్ డేటా, ఎంఐ అసిస్టెంట్, ఇంతే కనిపిస్తాయి. అక్కడ రీబూట్ తప్ప మీరు చేయాల్సింది ఏమీ లేదు.

ఐఫోన్‌ని కంప్యూటర్‌కి పెట్టి రికవరీ మోడ్‌లోకి తెస్తే అప్‌డేట్, రీస్టోర్ అని రెండు అడుగుతుంది. అప్‌డేట్ నొక్కితే డేటా ఉంచి ఐఓఎస్ మళ్లీ వేస్తుంది. రీస్టోర్ నొక్కితే చెరిపేస్తుంది. డౌన్‌లోడ్‌కి పదిహేను నిమిషాలు దాటితే ఫోన్ ఆ మోడ్‌లోంచి బయటికి వచ్చేస్తుంది. ఓడిపోయాం అనుకుని రీస్టోర్ నొక్కేది అప్పుడే. డౌన్‌లోడ్ పూర్తి కానిచ్చి మళ్లీ రికవరీ మోడ్‌లో పెట్టి, మళ్లీ అప్‌డేటే నొక్కండి.

కొట్టుకి తీసుకెళ్లేటప్పుడు, ఇంట్లో ఉన్నప్పుడు గుర్తుంచుకోవాల్సినవి, ఇక ఇవన్నీ వరసగా చదవండి:

- ఫోన్ చేతికి ఇచ్చేముందే చెప్పండి: "డేటా ముఖ్యం. నన్ను అడగకుండా రీసెట్ కొట్టొద్దు." రసీదు మీద రాయించండి.
- "సాఫ్ట్‌వేర్ కొడితే సరిపోతుంది" అంటే డేటా ఉంటుందా పోతుందా అని అడగండి. కొట్టువాళ్ల భాషలో సాఫ్ట్‌వేర్ కొట్టడం అంటే చాలాసార్లు చెరపడమే.
- శాంసంగ్ అయితే హోమ్ సీఎస్‌సీ అనే ఫైల్ పెట్టి ఫ్లాష్ చేయమనండి, అంటే కంప్యూటర్ నుంచి సిస్టమ్ మళ్లీ ఎక్కించమనండి. ఉత్త సీఎస్‌సీ పెడితే డేటా పోతుంది. ఆ తేడా తెలియని మనిషికి ఫోన్ ఇవ్వకండి.
- సర్వీస్ సెంటర్‌లో సంతకం పెట్టే కాగితం చదవండి. డేటా పోతే బాధ్యత మాది కాదు అని అందులో ఉంటుంది.
- పాత వెర్షన్ వేయించవద్దు. 2022లో ఆండ్రాయిడ్ 13 తరువాత పిక్సెల్ 6 ఫోన్లలో గూగుల్ పాత బూట్‌లోడర్‌కి (ఫోన్‌ని మొదట లేపే ప్రోగ్రామ్) దారి మూసేసింది. షావోమీలోనూ ఇలాంటి అడ్డు ఉంది, దాన్ని కాదని పాతది ఎక్కిస్తే ఫోన్ లోగో కూడా చూపించదు.
- లాప్‌టాప్‌కి పెడితే క్వాల్‌కామ్ 9008 అని కనిపిస్తోందా? అంటే సిస్టమ్ లేవక ఫోన్ చిప్ తన అత్యవసర మోడ్‌లోకి వెళ్లింది. ఇంట్లో ఇక ఏమీ చేయకండి.
- అప్‌డేట్ వేడికి బోర్డు మీద బలహీనంగా ఉన్న ప్రాసెసర్ టాంకం ఊడిన ఫోన్లు కూడా వస్తాయి. వాటికి రీబాల్ చేస్తే, అంటే ఆ చిప్ తీసి కొత్త టాంకంతో మళ్లీ అతికిస్తే, డేటాతో సహా లేవొచ్చు. రీసెట్ కొట్టినా ఉపయోగం లేదు, డేటా మాత్రం పోతుంది.
- హీట్ గన్ చూపించి నొక్కేవాళ్ల దగ్గర రీబాల్ చేయించవద్దు.
- లాప్‌టాప్ బయోస్ (ఆన్ చేయగానే మొదట లేచే ప్రోగ్రామ్) అప్‌డేట్ ఇన్వర్టర్ లేని ఇంట్లో, గాలివాన రోజు వద్దు.
- బయోస్‌కి ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) సస్పెండ్ చేయండి. 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూడండి. లాప్‌టాప్ నీలి తెర మీద అది అడిగిన తరువాత వెతకడం మొదలుపెట్టకండి.
- టీవీ, రౌటర్ అప్‌డేట్ అవుతుంటే స్విచ్ ఆపకండి.
- వాట్సాప్‌లో వచ్చిన అప్‌డేట్ ఫైల్ నొక్కకండి. అప్‌డేట్ సెట్టింగ్స్ లోపలి నుంచే వస్తుంది.
- పిల్లల చేతికి ఇవ్వకండి. వీడియో చూసినవాళ్ల చేతికి అసలే ఇవ్వకండి.
- రాత్రి పదకొండింటికి ఆగిపోతే చార్జర్ పెట్టి పొద్దున దాకా ఆగండి. పొద్దున కూడా డేటా అక్కడే ఉంటుంది.
- మూడు కొట్లు తిరిగినా లేవలేదా? ఆ ఫోన్ పక్కన పెట్టి, నాలుగు వేలకి సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొని పని నడిపించుకోండి. సవరణ రావచ్చు, బోర్డు పని తెలిసిన మనిషి దొరకొచ్చు.
- వైప్ డేటా నొక్కకండి. నొక్కనివ్వకండి.

ఆ అక్క ఇప్పుడు ఫోన్ నంబర్లు అడిగి తెచ్చుకుని, ఇంటింటికీ తిరిగి ఆది జాకెట్లు మళ్లీ తీసుకుంటోంది. కొందరు ఊళ్లో లేరు. బాకీ లెక్క మాత్రం ఎవరినీ అడగలేకపోతోంది.