పుస్తకం రాయడానికి ఎన్నాళ్లు పడుతుంది?

"ఆరు నెలల్లో అయిపోతుంది" అని ఇంట్లో చెప్పి మొదలుపెట్టాను. రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది. లెక్క తప్పలేదు, సగమే వేశాను.

ఆ లెక్క ఇది: కథ కాని పుస్తకం 50,000 మాటలు అనుకోండి. రోజుకు 500 చొప్పున వారానికి ఐదు రోజులు రాస్తే 20 వారాలు. అయితే అది చిత్తుప్రతికి మాత్రమే. ముందు చదువుకోవడం, మనుషుల్ని కలవడం, తర్వాత తిరగరాయడం ఇందులో లేవు. వాటికి కనీసం ఇంకో రెండింతలు కలుపుకోండి. డార్విన్ జీవజాతుల మార్పు మీద నోటుపుస్తకం తెరిచింది 1837లో, పుస్తకం వచ్చింది 1859లో. చివరికి కూర్చుని రాసింది ఏడాది పైచిలుకే!

నన్ను బాగా తినేసింది మూడో అధ్యాయం. ఒక తేదీ ఎక్కడ చదివానో రాసిపెట్టుకోలేదు. దానికోసం పదకొండు రోజులు కాగితాలు తిరగేస్తే, కరెంటు బిల్లు వెనక దొరికింది. అందుకే ఏం రాసుకున్నా పక్కనే పుస్తకం పేరు, పేజీ నంబరు వేసేయండి.

రాస్తూ దిద్దకండి. మొదటి పేరా నలభైసార్లు దిద్ది, చివరికి కొట్టేశాను. రోజూ ఆపేటప్పుడు రేపటి వాక్యం సగం రాసి వదిలేస్తాను. పొద్దున కూర్చోగానే చెయ్యి కదులుతుంది.

చిత్తు అయ్యాక బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. నేను నాలుగో రోజే తీశాను, అంతా అద్భుతంగా అనిపించింది. నెల ఆగి తీస్తే, రెండు అధ్యాయాలు ఒకే సంగతి చెబుతున్నాయి.