వ్యాసానికి సమాచారం లైబ్రరీలో ఎలా వెతకాలి?

కోనసీమలో ఓ డిగ్రీ కాలేజీ లైబ్రరీ చూసుకుంటాను. ఇంగ్లిష్ క్లాసులో వ్యాసం ఇవ్వగానే ఫస్టియర్ పిల్లలు కౌంటర్ దగ్గరికొచ్చి "గోదావరి మీద బుక్కుందా మేడం?" అంటారు. బీరువాకి సరిపడా ఉన్నాయి. ఇంతకీ మీకు కావలసిందేమిటి?

ముందు టాపిక్‌ని ప్రశ్నగా మార్చుకోండి. "కోనసీమ వ్యవసాయం" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. "2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు సాగు ఎందుకు మానేశారు?" అనండి, వెతకాల్సిన మాటలు వాటంతటవే వస్తాయి: క్రాప్ హాలిడే, పంట విరామం, మద్దతు ధర, కూలి ఖర్చు, మురుగు కాలువలు. దీని మీద ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ పేరు కూడా రాసుకోండి. తెలుగులో, ఇంగ్లిష్‌లో రెండింటా వెతకాలి.

కేటలాగ్ దగ్గర చాలామంది బోల్తా పడేది జిల్లా పేరుతోనే. కోనసీమ జిల్లా వచ్చింది 2022లో. 2011 నాటి లెక్కలన్నీ తూర్పు గోదావరి పేరు మీదే ఉంటాయి. 1925కి ముందైతే ఆ "తూర్పు" కూడా లేదు, ఉత్త గోదావరి జిల్లాయే. ఇక ధవళేశ్వరాన్ని పాత ఇంగ్లిష్ పుస్తకాలు ఒక్కోటి ఒక్కో స్పెల్లింగ్‌తో రాశాయి. ఒకసారి దొరకలేదని లేచిపోకండి, పేరు మార్చి కొట్టండి.

పుస్తకాలకి సబ్జెక్టు వారీగా నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో వ్యవసాయం 630, ఆనకట్టల్లాంటి నీటి కట్టడాలు 627, భారతదేశ చరిత్ర 954. నంబరు చూసుకుని అర దగ్గరికెళ్లాక ఆ ఒక్క పుస్తకమే లాక్కొచ్చేయకుండా పక్కవి కూడా తిరగెయ్యండి. మొదటి పేజీ నుంచి చదవక్కర్లేదు. వెనక ఇండెక్స్‌లో మీ మాట ఉందేమో చూడండి. చివర్లో రచయిత వాడుకున్న పుస్తకాల జాబితా ఉంటుంది, మీ వెతుకులాట సగం ఆయనే చేసిపెట్టాడన్నమాట.

పీహెచ్‌డీ థీసిస్‌లు శోధగంగ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. కాలేజీలకి ఆన్‌లైన్‌లో జర్నల్స్, పుస్తకాలు అందించే ఎన్-లిస్ట్‌లో జర్నల్స్ చదవాలంటే లాగిన్ కావాలి, మీ కాలేజీకి ఉంటే లైబ్రేరియన్‌నే అడగండి. పాత తెలుగు పత్రికలైతే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్లాల్సిందే.

రిఫరెన్స్ పుస్తకాలు ఇంటికివ్వం. ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ముందు టైటిల్ పేజీ, తర్వాత మీకు కావలసిన పేజీ, నంబరు కనిపించేలా. ఉత్త పేరా ఫొటో చూపించి "ఇదే బుక్కులోది మేడం?" అంటే నేనూ చెప్పలేను.