మీ ఊరి వందేళ్ళ నాటి బజారును రాసిపెట్టడం ఎలా?

చీరాల, తెనాలి, పెద్దాపురం, సిద్దిపేట లాంటి ఊళ్ళలో వందేళ్ళ కిందటి బజారు గురించి అడిగితే ఎవరైనా ముందు ఒక బట్టల కొట్టు పేరో, ఒక సావుకారు మేడ పేరో చెబుతారు. ఆ పేర్లు ఎలాగూ దొరుకుతాయి. గోడల మీద ఉంటాయి, దస్తావేజుల్లో ఉంటాయి, గుడి శిలాఫలకాల మీద దాతల వరసలో ఉంటాయి. గిన్నెలకు కళాయి పూసినవాళ్ళు, దూది ఏకినవాళ్ళు, మలారం భుజాన వేసుకుని గాజులు అమ్మినవాళ్ళు, ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుట్టిన ఆడవాళ్ళు మాత్రం కాగితాల్లో దాదాపు కనపడరు. వాళ్ళ సంగతి పెద్దవాళ్ళ నోట మాత్రమే మిగిలింది. అందుకని ఈ పనికి దిగేవాళ్ళకి నా సలహా ఒకటే: బోర్డు లేనివాళ్ళతో మొదలుపెట్టండి. బోర్డు ఉన్నవాళ్ళను తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు.

1. ఒక వీధి, ఒక కాలం తీసుకోండి

ఊరంతా ఒకేసారి ఎత్తుకుంటే పని సగంలో ఆగిపోతుంది. గుడి నుంచి సంత జరిగే చోటు దాకానో, స్టేషను రోడ్డు వరకో ఒక వీధి చాలు. కాలం 1900 నుంచి 1930 అనుకుందాం.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఇవాళ తొంభై ఏళ్ళ వయసున్నవారు పుట్టింది 1930ల్లో. వాళ్ళు కళ్ళారా చూసింది 1940ల బజారు. అంతకు ముందుది అమ్మానాన్నలు చెప్పగా విన్నది. నోటుబుక్కులో ‘చూసింది’, ‘విన్నది’ అని రెండు గడులు గీసుకుని విడివిడిగా రాయండి. ఈ రెండూ కలిసిపోతే తర్వాత ఎవరూ విడదీయలేరు.

2. ఏడాది అడగొద్దు, సంఘటన అడగండి

‘మీ తాతగారు కొట్టు ఎప్పుడు పెట్టారు?’ అంటే ఎవరికీ గుర్తుండదు. ఊరికి బాగా తెలిసిన ఒక సంఘటన పట్టుకుని, దానికి ముందా వెనకా అని అడగండి.

చీరాలకు అలాంటి గుర్తు 1921. చీరాల, పేరాలలను 1919లో మునిసిపాలిటీ చేశారు. ఏడాదికి 4,000 రూపాయలుండే పన్ను 40,000కు పోయింది. చేనేత, చిల్లర వ్యాపారాల మీద బతికే ఊరు అంత భారం మోయలేనంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్ళూ కొట్లూ వదిలి, పొలిమేర బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. అందుకని ఆ ఊళ్ళో ‘రామనగర్ వెళ్ళకముందు పెట్టిన కొట్టా, తిరిగొచ్చాక పెట్టిందా?’ అని అడిగితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. మీ ఊరికి రైలు వచ్చిన ఏడో, వరద వచ్చిన ఏడో ఉంటుంది. వెతకండి.

3. కొట్టు గురించి కాదు, అవసరం గురించి అడగండి

‘అప్పట్లో బజారు ఎలా ఉండేదండీ?’ అంటే ‘ఏముంది నాయనా, అన్నీ చవక’ అంటారు, అక్కడితో సరి. దాని బదులు ఇలా అడిగి చూడండి:

‘మామ్మగారూ, మీ అమ్మగారి మంగళసూత్రాలు ఎవరు చేశారు? ఇంటికొచ్చి చేసేవారా, మీరే వెళ్ళేవారా?’

‘తాతగారూ, పరుపులో దూది ఉండకట్టుకుపోతే ఎవరిని పిలిచేవారు?’

‘కూలి అణాల్లో ఇచ్చేవారా, గింజల్లోనా?’

ఇంటి సామాను ఒక్కొక్కటే ముందు పెట్టుకుని అడిగితే ఇంకా మంచిది. రోలు ఎవరు గంటు పెట్టేవారు, చేట ఎవరు అల్లేవారు, లాంతరు చిమ్నీ పగిలితే ఎక్కడ కొనేవారు అని. ఒక్కో వస్తువు వెనక ఒక మనిషి బయటికొస్తారు. ఆడవాళ్ళను విడిగా అడగండి. గుమ్మంలోకి వచ్చి అమ్మినవాళ్ళ సంగతి వాళ్ళకే బాగా తెలుసు. మగవాళ్ళు పక్కనుంటే చాలాసార్లు మాట మధ్యలోనే వాళ్ళే అందుకుంటారు.

4. పనిని పూర్తిగా రాయండి

‘కళాయివారు ఉండేవారు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఏం లాభం? ఆ పని ఎలా చేసేవారో రాయండి. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుము దిగి విషమవుతుంది, అందుకని లోపల తగరం పూత ఉండాలి. ఆయన వీధిలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో ఊదుతూ నిప్పు రాజేసేవారు. తోమిన గిన్నెను బాగా కాల్చి నవాసారం పొడి చల్లితే, ముక్కుపుటాలు అదిరేలా తెల్లటి పొగ లేచేది. తగరం ముక్క తాకించగానే కరిగిపోయేది. అది గట్టిపడేలోపే గుడ్డతో లోపలంతా తిప్పి రుద్దాలి. నల్లటి గిన్నె క్షణాల్లో వెండిలా తెల్లబడేది. చుట్టూ చేరిన పిల్లలకు అదొక వేడుక.

తర్వాత అడగాల్సినవి: ఏ చెట్టు కింద కూర్చునేవారు, ఏ ఊరి నుంచి వచ్చేవారు, ఏడాదికి ఎన్నిసార్లు వచ్చేవారు, తిత్తి ఊదింది ఎవరు (చాలాసార్లు కొడుకో భార్యో అయి ఉంటారు), స్టీలు సామాను వచ్చాక ఆ కుటుంబం ఏ పనికి మళ్ళింది.

చీరాల లాంటి నేత ఊరైతే ఒక్క రుమాలు వెనకే ఒక బజారంత మంది ఉంటారు. నూలు అప్పుగా ఇచ్చే సావుకారు, రంగు వేసేవాళ్ళు, పడుగు సిద్ధం చేసేవాళ్ళు, మగ్గానికి పన్నె (దువ్వెన లాంటి పనిముట్టు) కట్టేవాళ్ళు, మూట కట్టి స్టేషనుకు చేర్చే బండివాళ్ళు. చీరాల తేలియా రుమాళ్ళు అరబ్ దేశాల దాకా వెళ్ళాయి. వాటి ఎరుపుకు మొదట చిరివేరు అనే మొక్క వేరు వాడేవారు, తర్వాత విదేశాల నుంచి వచ్చిన అలిజరిన్ రంగు దాని చోటు తీసుకుంది. చిరివేరు తవ్వి అమ్ముకుని బతికినవాళ్ళు ఏమయ్యారు? నన్నడిగితే, ఇలాంటి ప్రశ్నకు జవాబు దొరికితే ఒక పుస్తకమంత విలువ.

5. ఇప్పుడు కాగితాలు

పాత దస్తావేజుల్లో చెక్కుబందీ చదవండి. ‘తూర్పు: ఫలానా వారి గానుగ కొట్టం, దక్షిణం: రాజవీధి’ అని హద్దులు రాసేవారు. రాయించుకున్నవారి వృత్తి కూడా ఉంటుంది. ఒకే వీధిలో నాలుగు దస్తావేజులు దొరికితే కొట్ల వరస దానంతటదే తేలుతుంది. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి లావాదేవీల వివరాలు చూపే పత్రం) 1983 నుంచే కాబట్టి అంతకు ముందు వాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు కోసం అర్జీ పెట్టాలి. దానికంటే ముందు ఇళ్ళలోని ట్రంకు పెట్టెలు చూడమని అడగండి.

పాత వర్తకుల ఇళ్ళలో చిట్టా, ఆవర్జా పుస్తకాలు దొరికితే అదృష్టమే. చిట్టాలో రోజువారీ పద్దులు, ఆవర్జాలో మనిషి వారీ ఖాతాలు ఉంటాయి. తేదీ ఫసలీలో (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరంలో) ఉంటే 590 కలపండి. కోస్తా జిల్లాల్లో ఫసలీ 1330 అంటే 1920 జూలై నుంచి 1921 జూన్ దాకా. రౌద్రి, దుర్మతి లాంటి తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుందని మరిచిపోవద్దు. రౌద్రి 1860లోనూ వచ్చింది, 1920లోనూ వచ్చింది.

రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. వీశె అంటే సుమారు 1.4 కిలోలు, ఎనిమిది వీశెలు ఒక మణుగు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా రూపాయి వేరు, దాన్ని బ్రిటిషు రూపాయితో సమానంగా లెక్క కట్టకండి. అసలు లెక్కను ఉన్నదున్నట్టు రాసి, కిలోల్లో మార్చింది పక్కన పెట్టండి.

పత్రికల్లో ప్రకటనలు చూడండి. కృష్ణాపత్రిక 1902లో బందరులో మొదలైంది. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. చీరాల పక్కనే వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికలకు పేరుపడ్డది. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ రికార్డులకు చెన్నై ఎగ్మోరులోని ఆర్కైవ్స్, నిజాం కాలం వాటికి హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్ వెళ్ళాలి.

6. పటం గీసి, చూపించి, దిద్దించండి

పెద్ద కాగితం మీద వీధి గీసి కొట్లు గుర్తుపెట్టండి. చెట్ల కింద, అరుగుల మీద కూర్చున్నవాళ్ళకూ చోటు ఇవ్వండి. దాన్ని కనీసం ఇద్దరు పెద్దవాళ్ళకు విడివిడిగా చూపించండి. ఒకరు కాదన్నది ఇంకొకరు అవునంటే రెండూ రాయండి, తీర్పు చెప్పే తొందర వద్దు.

పాత కాగితాల్లో చేతిపనివాళ్ళను కులం పేరుతో, ఏకవచనంలో రాసేవారు. మనం అలా రాయకూడదు. పేరు తెలిస్తే పేరు, లేకపోతే పని పేరుతో గౌరవంగా రాద్దాం. ఆవర్జాలోని బాకీల వివరాలు బయటపెట్టేముందు ఆ కుటుంబాల అనుమతి తీసుకోండి. ఎవరి తాత ఎవరికి ఎంత బాకీయో ఊరికి చెప్పే హక్కు మనకు లేదు.

చివరగా మూడు ప్రతులు తీయించండి. ఒకటి మీ శాఖా గ్రంథాలయానికి, ఒకటి ఊరి హైస్కూలుకు, మూడోది మీకు ఎక్కువ సంగతులు చెప్పిన ఇంటికి. ప్రతి పేజీలో కుడివైపు సగం ఖాళీగా వదలండి, చదివినవాళ్ళు తమకు తెలిసింది అక్కడే రాస్తారు.